చప్పిడి కూడు

నర్సీపట్నం,
ఫిబ్రవరి 9.

రమణా,

కాగితం చూసి నవ్వకు. నీ ఫోను మీ అమ్మ బియ్యం డబ్బాలో దాచేసిందని హాస్టల్ వాళ్ళు చెప్పారు. దాచకపోయినా మీ ఊళ్ళో సిగ్నల్ రావాలంటే గుట్ట ఎక్కాలట. అందుకని ఇది. కొయ్యూరు జీపు నడిపే గంగులు మీ ఇంటి మీదుగానే వెళ్తానన్నాడు. మడత విప్పనని దేవుడి మీద ఒట్టేశాడు. అయినా జిగురు పెట్టాను.

ఇక్కడ నీ గురించి రకరకాల కథలు నడుస్తున్నాయి. నీకు గాలి సోకిందని కొందరు, చదువు ఎక్కువై బుర్ర తిరిగిందని కొందరు. నీ మార్కులు తెలిసినవాళ్ళెవరూ రెండోది నమ్మడం లేదు. ఎవరో అమ్మాయి కాదందని ఇంకో కథ. ఆ అమ్మాయి ఎవరంటే అందరూ నా కాలి వైపు చూసి ఊరుకుంటున్నారు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచే పిల్ల ఎవరినీ కాదనదని వాళ్ళ ధీమా.

నేను చూసింది నేను చెప్తాను. డిసెంబరులో నువ్వు కొన్ని రాత్రులు అసలు పడుకోలేదు. దుప్పట్లు, చొక్కాలు జూనియర్లకి పంచేశావు. ఒకరోజు తెల్లారేసరికి పార పట్టుకుని కాలేజీ గేటు దగ్గర్నుంచి క్లాసు రూముల దాకా కంకర ఏరేసి బాట వేస్తున్నావు. "లక్ష్మి కాలికి రాళ్ళు తగులుతున్నాయి, మధ్యాహ్నానికి రోడ్డు అయిపోవాలి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పావు. అరచేతులు చీరుకుపోయి రక్తం కారుతోంది. సగం వేశాక మీ అన్నయ్య వచ్చి జీపెక్కించాడు. విశాఖలో ఆసుపత్రిలో పెట్టారని తర్వాత తెలిసింది.

నీ జబ్బు పేరేమిటి? ఇప్పుడెలా ఉంది? తిరిగి వస్తావా, రావా? నాకు కావలసింది ఇంతే. నా వైపు కొత్త సంగతులేమీ లేవు. మార్చిలో పరీక్షలు.

అప్పలలక్ష్మి

*

కొయ్యూరు మండలం, మా ఊరు,
ఫిబ్రవరి 18.

లక్ష్మీ,

నీ ఉత్తరం సోమన్న అన్నయ్య తెచ్చి ఇచ్చాడు. జిగురు బాగా పట్టింది. కాగితం చిరిగింది.

జబ్బు పేరు బైపోలార్. కొన్నాళ్ళు మనిషి బాగా పైకి లేచిపోతాడు, కొన్నాళ్ళు కింద పడిపోతాడు, మధ్యలో మామూలుగా ఉంటాడు అని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు నేను ఎక్కడున్నానో నాకు తెలియడం లేదు. లిథియం అని మాత్ర ఇచ్చారు. పొద్దున, రాత్రి వేసుకోవాలి. నెలకోసారి రక్తం పరీక్ష. నోరు చేదుగా ఉంటుంది, ఎప్పుడూ దాహమే. జీడితోటలోకి వెళ్ళి కూర్చుంటాను. పిట్టలు అరుస్తాయి. బాగున్నాయని తెలుస్తుంది గాని బాగున్నట్టు అనిపించదు.

అమ్మకి డాక్టరమ్మ మీద కోపం. పథ్యం ఏమిటని అడిగితే, "ఏమీ లేదమ్మా, ఎప్పుడూ తినేదే తినిపించండి, నీళ్ళు బాగా తాగించండి" అందట. "పత్తెం లేని మందు మందేటిరా? ఆయమ్మకేటీ తెల్దు" అని దారి పొడుగునా అన్నయ్యని తిట్టింది. మా అమ్మకి మందంటే సగం పథ్యమే. జ్వరం బిళ్ళకి కూడా వంకాయ మాన్పిస్తుంది.

వస్తానా అంటే, జూన్‌లో కాలేజీ తెరిచేసరికి బాగున్నాడని డాక్టరమ్మ కాగితం రాసిస్తే సెకండియర్‌లో కూర్చోనిస్తామన్నారు ప్రిన్సిపాల్ గారు. లేకపోతే అన్నయ్యతో పాటు జీడితోటే. తోట చెడ్డదేమీ కాదు. అక్కడ నువ్వుండవు, అంతే.

బాట వేసిన సంగతి జ్ఞాపకం ఉంది. సిగ్గుగా ఉంది. పూడ్చేశారా?

రమణ

*

నర్సీపట్నం,
మార్చి 6.

రమణా,

పూడ్చలేదు. సగం దాకా హాయిగా నడుస్తాను, తర్వాత మళ్ళీ కంకర. మొన్న పైనుంచి ఎవరో ఆఫీసర్లు వస్తే ప్రిన్సిపాల్ గారు ఆ సగం తనే వేయించినట్టు చూపించారు.

ఇక మా ఇంటి వేడుక విను. మా నానమ్మ రామాయమ్మ నన్ను రావికమతం అవతల ఒక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను పుట్టగానే ఏడవలేదట, అందుకని ఎడమవైపు చెయ్యీ కాలూ నా మాట వినవు. పదిహేడేళ్ళుగా వినని కాలు ఒక్క మండలం రోజుల్లో వింటుందని ఆయన హామీ ఇచ్చాడు. పసరు కట్టు, నల్లటి నూనె. వాటికన్నా పెద్దది పథ్యం. ఉప్పు, పులుపు, కారం బంద్. నలభై రోజులు చప్పిడి కూడు.

నాకు నమ్మకం లేదంటే నానమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఒలే, నా పానం ఉండగా నువ్వు తిన్నగా నడిసి ఎల్తే సూడాలని ఉన్నాదే" అంది. దాంతో నోరు మూసుకున్నాను. మా ఇంట్లో నన్ను లొంగదీసే ఉపాయం అదొక్కటే.

ఉప్పు లేని పప్పు ఎప్పుడైనా తిన్నావా? తినకు. అమ్మా నాన్నా నా ఎదురుగా కూర్చుని మాగాయ కలుపుకుంటారు. నేను సున్నం గోడ నమిలినట్టు నములుతాను. తినడం ఒక కష్టమైతే ఒక్కదాన్నే తినడం ఇంకా కష్టం.

పిట్టలు బాగున్నట్టు అనిపించదన్నావు. ఆ ముక్క కూర్చుని రాశావంటే కొంచెం అనిపించే ఉంటుంది.

అప్పలలక్ష్మి

*

కొయ్యూరు మండలం, మా ఊరు,
మార్చి 13.

లక్ష్మీ,

ఇక నువ్వు ఒక్కదానివే తినక్కర్లేదు. నీ ఉత్తరం వచ్చిన రాత్రి నుంచి నేనూ ఉప్పు మానేశాను. పులుపు, కారం కూడా.

అమ్మకి నీ సంగతి చెప్పలేదు. పథ్యం పడతానని మాత్రం చెప్పాను. అప్పుడు అమ్మ ముఖం నువ్వు చూడాలి. డిసెంబరు తర్వాత మా అమ్మ నవ్వడం ఇదే. "ఇప్పుడు సేస్తాది పని, మందు" అని వీధంతా చెప్పొచ్చింది. నాకోసం వేరే గిన్నెలో వండుతోంది. అన్నయ్య ఒక్కడే "డాక్టరమ్మ తినీదే తినమన్నాది గదే" అన్నాడు. "ఆడు మంచికే సేస్తన్నాడు, నీకేటి బాద" అని అమ్మ కసిరింది. అన్నయ్య చెయ్యి కడుక్కుని తోటకి పోయాడు.

నువ్వు నవ్వుతావేమో. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే, ఈ పాటికి నర్సీపట్నంలో నువ్వు కూడా ఇదే ముద్ద మింగుతూ ఉంటావని అనుకుంటాను. మాత్ర మొదలెట్టాక నాకు ఏదీ రుచిగా లేదు. రుచే లేని ఈ కూడు మాత్రం బాగుంది. ఈ మధ్య నాకు బాగున్నట్టు అనిపించింది ఇదే.

పరీక్షలు బాగా రాయి.

రమణ

*

నర్సీపట్నం,
మార్చి 24.

రమణా,

నువ్వు పిచ్చోడివి. ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. అందరూ నీ దగ్గర ఈ మాట రాకుండా నాలుక కరుచుకుని తిరుగుతున్నారు కదా, ఒక్కరైనా మామూలుగా తిట్టాలని ఉంచేశాను.

నా కాలి వైద్యానికి నువ్వెందుకు కడుపు మాడ్చుకోవడం? మానెయ్యమని రాయాలి. రాయడం లేదు. నీ ఉత్తరం ఎకనామిక్స్ పుస్తకంలో పెట్టుకుని చదువుకున్నాను. పుస్తకం కన్నా ఉత్తరమే ఎక్కువసార్లు తెరిచాను. సంతోషంగా ఉంది. దానికి వేరే పేరు వెతకను.

నా పథ్యం సాగుతోంది. పసరు వాసనకి బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే, అదొక లాభం. కాలు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఎప్పుడూ తినేదే తినమని డాక్టరమ్మ అన్నట్టు నువ్వే రాశావు. మరి ఇలా మానేస్తే పర్వాలేదంటావా? ఉప్పు తగ్గిస్తే ఎవరికీ చెడు జరగదనుకుంటాను. బీపీ ఉన్నవాళ్ళకి తగ్గించమనే కదా చెప్తారు. మీ అమ్మగారు కూడా సంతోషంగా ఉన్నారంటున్నావు. కానీలే.

అప్పలలక్ష్మి

*

కొయ్యూరు మండలం, మా ఊరు,
ఏప్రిల్ 15.

లక్ష్మీ,

ఎండలు బాగా ఉన్నాయి. తోటలో జీడిపిక్కలు ఏరుతున్నారు. నేను ఎక్కువ ఏరడం లేదు. రాత వంకరగా ఉంటే జీపులో కూర్చుని రాశాననుకో. జీపులో కాదు, అరుగు మీదే ఉన్నాను. చెయ్యి నిలవడం లేదు. చెంబు పట్టుకుంటే నీళ్ళు సగం ఒలికిపోతున్నాయి.

నిన్నటి నుంచి వాంతులు. విరేచనాలు కూడా. మందు లోపల పని చేస్తోంది, చెడంతా బయటికి పోతోంది అంటోంది అమ్మ. పోయిన నెల రక్తం పరీక్షకి వెళ్ళలేదు. పథ్యం మధ్యలో ఊరు దాటకూడదంది. పగలు కూడా నిద్ర వస్తోంది. లేస్తే తూలుతున్నాను. ఇప్పుడు నేనూ నీలాగే నడుస్తున్నాను, చూస్తే నవ్వుతావు.

నీ మండలం రోజులు అయిపోయాయేమో. నువ్వు ఆపే రోజు ముందుగా రాయి. అప్పుడే నేనూ ఆపుతాను. ఇద్దరం ఒకేరోజు ఉప్పు తిందాం. ఒకేరోజు ఉప్పు తిందాం. ఈ మాట రాశానా

రమణ

*

నర్సీపట్నం,
ఏప్రిల్ 17, పొద్దున.

సోమన్న గారికి నమస్కారాలు.

నా పేరు అప్పలలక్ష్మి. రమణకి ఉత్తరాలు రాసేది నేనే. హాస్టల్ వాళ్ళ దగ్గర మీ నంబరు తీసుకున్నాను, తెల్లారినప్పటి నుంచి అందడం లేదు. అందుకని ఇది గంగులు గారికిచ్చి, మీ చేతికే ఇమ్మని, మీరు చదివేదాకా జీపు కదపవద్దని చెప్పాను.

రమణని ఆ జీపులోనే ఆసుపత్రికి తీసుకురండి. ముందు నర్సీపట్నం, ఇక్కడి వాళ్ళు పంపితే విశాఖ. చెయ్యి వణకడం, వాంతులు, తూలడం, మత్తు, ఇవి మందు పని చెయ్యడం కాదు. మాత్ర ఒంట్లో ఎక్కువైపోయింది. అతని రాత చూసి అనుమానం వచ్చి మాత్ర పేరు ఫోన్‌లో కొట్టి చదివాను. తర్వాత విశాఖ ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాను. ఒంట్లో ఉప్పు తగ్గితే ఆ మందు బయటికి పోకుండా రక్తంలోనే ఉండిపోతుందట. చెమటలకి, వాంతులకి ఇంకా పెరుగుతుందట. వెంటనే మాత్ర ఆపి తీసుకురమ్మన్నారు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పన్నారు.

అతను ఉప్పు మానేసింది నా వల్ల. నేను కాలి వైద్యానికి పథ్యం పడుతున్నానని రాస్తే నాకు తోడుగా పట్టాడు. నేను రెండో వారంలోనే ఆపేశాను. బస్ కాంప్లెక్స్ దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను, తర్వాత ఇంట్లో కూడా చాటుగా ఉప్పు కలుపుకున్నాను. ఆ సంగతి మా నానమ్మకీ చెప్పలేదు, రమణకీ చెప్పలేదు. నాతో కలిసి తింటున్నానని అతను రాస్తుంటే చదవడం నాకు బాగుండేది. అందుకని దాచాను.

మీ అమ్మగారు ఒప్పుకోకపోతే ఇది చదివి వినిపించండి. నన్ను ఎంత తిట్టినా పర్వాలేదు. జీపెక్కాక తిట్టమనండి.

నేను ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను. నన్ను మీరు డిసెంబరులో చూసి ఉండరు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఎదురొచ్చేది నేనే.

అప్పలలక్ష్మి

*

విశాఖపట్నం,
ఏప్రిల్ 22.

అప్పలలక్ష్మికి సోమన్న రాయునది.

రమణకి తెలివి వచ్చింది. నిన్న ఇడ్లీ తిన్నాడు. రక్తంలో మందు ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ ఉందన్నారు. సెలైన్లు ఎక్కిస్తున్నారు. కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. ఇంకో రోజు ఇంట్లో ఉంచితే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పింది. అది నేను రాయను.

ఆ రోజు గేటు దగ్గర నీతో సరిగా మాట్లాడలేదు. అమ్మ నిన్ను "మా గుంటడ్ని సంపీసినావు" అంది. నువ్వు స్ట్రెచర్ పక్కన నడిచావు. ఆ మాట మనసులో పెట్టుకోకు. డాక్టరమ్మ మా అందరినీ తిట్టింది. నన్ను ఎక్కువ తిట్టింది, తెలిసి ఊరుకున్నానని. నిజమే. అమ్మ నవ్వుతోంది కదా అని ఊరుకున్నాను.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. అదే మాత్ర తక్కువ మోతాదులో మళ్ళీ మొదలెడతానంటోంది డాక్టరమ్మ. అమ్మ వద్దంటోంది. ఇంటికి తీసుకెళ్ళి మంత్రం వేయిస్తానంటోంది. నాకు డిసెంబరు గుర్తుంది కాబట్టి మాత్ర కావాలంటున్నాను. రమణ ఇద్దరికీ తల ఊపుతున్నాడు. నువ్వు నాకు రాసిన ఉత్తరం వాడు నా జేబులోంచి తీసి చదివాడు. అప్పటి నుంచి గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. వాడు నోరు విప్పకపోతే అమ్మ మాటే అవుతుంది.

నువ్వు రాస్తే వింటాడేమో.

సోమన్న

*

విశాఖపట్నం,
ఏప్రిల్ 25.

లక్ష్మీ,

చెయ్యి నిలిచింది, చూశావుగా.

బజ్జీల సంగతి చదివాను. కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన కోపం కదా, కొంతసేపు ఉంచుకున్నాను. నెలరోజులు నీతో కలిసి తింటున్నాననుకున్నాను. ఒక్కడినే తిన్నాను. వాంతుల కన్నా అదే ఎక్కువ బాధగా ఉంది.

సరే, ఒకటి అడుగుతాను. డిసెంబరులో నేను మాట్లాడితే ఎవరూ ఆపలేకపోయేవారు. నీకు రోడ్డు వేశాను. ఈ మాత్ర వేసుకుంటే అలాంటివి రావు. పొద్దున లేస్తాను, తింటాను, పడుకుంటాను. నీకు నచ్చింది ఆ రోడ్డు వేసినవాడైతే, మాత్ర వేసుకునేవాడు నీకు దేనికి? నువ్వు ఇష్టపడింది నన్నా, నా జబ్బునా?

అమ్మ వద్దంటోంది, అన్నయ్య కావాలంటున్నాడు. నాకు మాత్రం నువ్వు చెప్పిందే. వేసుకోమంటే వేసుకుంటాను. వద్దంటే అమ్మతో ఇంటికి పోతాను. నీ కోసం ఏదైనా చేస్తాను.

రమణ

*

నర్సీపట్నం,
ఏప్రిల్ 29.

రమణా,

నేను అబద్ధం రాశాను. తప్పు నాది. నువ్వు ఉప్పు మానేశానని రాసిన రోజే నేను మీ అన్నయ్యకి రాసి ఉండాల్సింది. స్ట్రెచర్ మీద నీ ముఖం చూశాక ఇప్పటికీ అన్నం సరిగా తినలేకపోతున్నాను.

ఇంట్లో అంతా తెలిసిపోయింది. నాన్న టీవీ సౌండు పెంచాడు. అమ్మ రెండు రోజులు నా వెనకే తిరిగింది, ఎవరీ అబ్బాయి, ఏ ఊరు, ఏం జబ్బు అని. అన్నీ చెప్పాను. నానమ్మ కళ్ళెదుటే పసరు కట్టు విప్పి అవతల పారేశాను. "మరి నడకో?" అంది. ఇదే నా నడక అన్నాను. ఏడ్చింది. ఈసారి నేను లొంగలేదు. మర్నాడు పిలవకుండానే వచ్చి జడ వేసింది.

నీ ప్రశ్నకి జవాబు. ఆ తెల్లవారుజామున నువ్వు పార పట్టుకుని ఉంటే నాకు భయమేసింది. నా కాలి కోసం రోడ్డు వేస్తూ, పక్కన నిలబడి నేను పిలుస్తుంటే పలకలేదు నువ్వు. ఆ మనిషికి నేను కనబడలేదు. నాకు నచ్చింది అతను కాదు. కాలేజీలో చేరిన కొత్తలో అందరూ నా కోసం నెమ్మదిగా నడిచేవారు, నెమ్మదిగా నడుస్తున్నామని నాకు తెలిసేలా. నువ్వు నీ మానాన నువ్వు నడిచి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని పల్లీలు తినేవాడివి. నేను వచ్చాక మిగిలిన పల్లీలు నా చేతిలో పోసి లేచేవాడివి. నువ్వంటే నాకు ఇష్టం. ఇది మొదటిసారి రాస్తున్నాను, సరిగా చదువుకో.

ఇప్పుడు మాత్ర సంగతి. నువ్వు వేసుకోవాలనే నాకుంది. దాచను. కాని నా కోసం వేసుకోకు. నా కోసం ఉప్పు మానేస్తే ఏమైందో ఇద్దరం చూశాం. నా కోసం మాత్ర వేసుకుంటే, నాతో పోట్లాడిన రోజు మానేస్తావు. మనం పోట్లాడతాం, నా నోటి సంగతి నీకు తెలుసు. నీ ప్రాణం నా మాట మీద నిలబడి ఉందంటే నేను హాయిగా ఒక తిట్టు కూడా తిట్టలేను. అంత బరువు నేను మొయ్యలేను రమణా. నీకు బతకాలని ఉంటే వేసుకో. నీ బుర్ర నీ చేతిలో ఉండాలనుకుంటే వేసుకో. మీ అమ్మగారికి, మీ అన్నయ్యకి, నాకు సంబంధం లేకుండా ఒక్కసారి నువ్వే ఆలోచించుకో.

జూన్‌లో కాలేజీ తెరుస్తారు. నువ్వు వచ్చినా రాకపోయినా నేను సెకండియర్ చదువుతాను. రాకపోతే ఏడుస్తాను. ఏడుస్తూనే చదువుతాను.

అప్పలలక్ష్మి

*

కొయ్యూరు మండలం, మా ఊరు,
మే 28.

లక్ష్మీ,

జవాబు ఆలస్యమైంది. నా గురించి నేను ఆలోచించుకోవడం అలవాటు లేదు, టైం పట్టింది.

నువ్వు ఇష్టమని రాసింది సరిగానే చదువుకున్నాను.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నర్సు ఇస్తే మింగాను, అది లెక్క కాదు. ఇంటికొచ్చిన రాత్రి మాత్ర నేనే తీసుకున్నాను. అమ్మ చూస్తోంది. "ఎవులు సెప్పినారు నీకు, ఏసుకోమని?" అంది. "ఎవులూ సెప్పలేదే" అన్నాను. అమ్మ లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మర్నాడు మంత్రం వేసే ఆయన్ని పిలిచి నాకు తాయెత్తు కట్టించింది. కట్టించుకున్నాను. ఆ రాత్రీ మాత్ర వేసుకున్నాను. అప్పటి నుంచి రోజూ నేనే వేసుకుంటున్నాను.

నిన్న రక్తం పరీక్ష బాగుందన్నారు. డాక్టరమ్మ కాలేజీకి కాగితం రాసిచ్చింది.

నీ కోసం చెయ్యడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఊరికే నిన్ను చూడాలని ఉంది. సోమవారం వస్తున్నాను.

రమణ